గోధుమ లేని కుకీలు: జొన్నా, బియ్యమా, రాగులా, బాదమా?

గోధుమ పడదని తేలిన ఇంట్లో మన వంట పెద్దగా మారదు. అన్నం, పప్పు, ఇడ్లీ, పెసరట్టు అన్నీ ఎప్పటిలాగే సాగిపోతాయి. బొంబాయి రవ్వ ఉప్మా పోతే బియ్యపు రవ్వ ఉప్మా వస్తుంది. ఇబ్బందల్లా సాయంత్రం టీ దగ్గరే. ఉస్మానియా బిస్కెట్‌లో మైదా, గ్లూకోజ్ బిస్కెట్‌లో గోధుమ పిండి. సరే, రాగి బిస్కెట్ తెచ్చుకుందామని ప్యాకెట్ తిప్పి చూస్తే, చాలావాటిలో రాగి కంటే ముందు వరసలో గోధుమ పిండో మైదానో కనబడుతుంది. అందుకే ఇంట్లో చేసుకుందామనే ఆలోచన వస్తుంది. వెంటనే ప్రశ్న: ఏ పిండితో?

దుకాణంలో జొన్న, రాగి, సజ్జ, కొర్ర, శనగ, బాదం, ఓట్స్ అన్నీ వరసగా కనబడతాయి. అన్నీ ఆరోగ్యమే అంటారు. కానీ కుకీకి అన్నీ ఒకేలా పనికిరావు, అందరికీ ఒకే పిండి నప్పదు. పిండి పేరు చూసే ముందు, ఆ కుకీ తినేది ఎవరో చూసుకోవాలి. సీలియాక్ అనే గోధుమ పడని జబ్బు ఉన్నవాళ్ళకి ఒక లెక్క, షుగర్ ఉన్నవాళ్ళకి ఒక లెక్క, స్కూల్ డబ్బాలోకి మరో లెక్క.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, పిండి ఎక్కడ పట్టించారు. ఏ పిండి అనే దానికంటే ఇదే ముఖ్యం, అయినా దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. సీలియాక్ ఉన్నవాళ్ళు గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు తింటే వాళ్ళ రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. కొంచెమే తిన్నానులే అనడానికి లేదు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవాలంటే కిలో పదార్థంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అమెరికాలోనూ ఇదే హద్దు. ఇప్పుడు మన వీధి చివర పిండి మర సంగతి ఆలోచించండి. మీకంటే ముందున్నవాళ్ళు గోధుమలు ఆడించుకుని వెళ్ళారు. రాళ్ళ మధ్య, గొట్టంలో, కింద కట్టిన గుడ్డ సంచిలో గోధుమ పిండి మిగిలే ఉంటుంది. మీ జొన్నలు అందులోంచే రావాలి. ముందు గుప్పెడు బియ్యం పోసి తిప్పితే మర శుభ్రమైపోతుందనే మాట మామూలు ఇళ్ళకి సరిపోతుందేమో, సీలియాక్ ఉన్న ఇంటికి చాలదు.

వాళ్ళకి దారులు రెండే. గ్లూటెన్ ఫ్రీ అని స్పష్టంగా రాసి, పరీక్ష చేయించిన ప్యాకెట్ పిండి కొనడం ఒకటి. గింజలు కొని, ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లోనే పట్టుకోవడం రెండోది. ఏరడం తేలిగ్గా తీసేయకండి. జొన్నలు పళ్ళెంలో పలుచగా పరిస్తే, గుండ్రటి గింజల మధ్య పొడుగ్గా, పొట్ట మీద గాడితో గోధుమ గింజ అప్పుడప్పుడూ కనబడుతుంది. రాశిలోనే కలిసిపోయి వస్తుంది అది. మిక్సీలో జొన్న, బియ్యం బాగానే నలుగుతాయి. కొద్దికొద్దిగా వేసి, ఆపి ఆపి తిప్పి, సన్నటి జల్లెడ పట్టాలి. ఆ జల్లెడ కూడా కొత్తదై ఉండాలి, మైదా జల్లించిన జల్లెడ కన్నాల్లో పిండి ఎంత తోమినా వదలదు.

ఇంకో మాట. కడుపు ఉబ్బరం చూసి, ఎవరో చెప్పారని, పరీక్షకి ముందే గోధుమ మానేయకండి. సీలియాక్ కోసం చేసే రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే సరిగ్గా చూపిస్తుంది. మానేసి వెళితే లేదని వచ్చే అవకాశం ఉంది. ముందు డాక్టరు, తర్వాత ఓవెన్.

రెండోది, కుకీ నిలబడటం. ఇక్కడ టెన్షన్ అక్కర్లేదు. గ్లూటెన్ లేకుండా రొట్టె పొంగించడం కష్టం, ఎందుకంటే గాలిని పట్టి ఉంచే సాగుడు అంతా గ్లూటెన్‌దే. కుకీకి ఆ సాగుడు అవసరం లేదు, ఎక్కువైతే గట్టిపడి పాడవుతుంది కూడా. మైదాతో చేసేటప్పుడు సైతం పిండి ఎక్కువ పిసకొద్దు అనేది అందుకే. అంటే గోధుమ లేని బేకింగ్ మొదలెట్టేవాళ్ళకి కుకీయే సరైన చోటు. వచ్చే తిప్పలు మూడు: పట్టుకుంటే పొడైపోవడం, పంటికింద ఇసుకలా తగలడం, ఓవెన్లో పరుచుకుపోయి అన్నీ కలిసిపోవడం. పిండిని బట్టి ఈ మూడింట్లో ఏది వస్తుందో మారుతుంది.

మూడోది రుచి, వాసన. నాలుగోది నిల్వ. ఐదోది ఖర్చు. వీటి గురించి ఎక్కడికక్కడ చెబుతాను.

ఒక్క చూపులో

| పిండి | రుచి, వాసన | నమిలితే | ఎక్కువగా వచ్చే ఇబ్బంది | ఖర్చు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|---|
| జొన్న | కొంచెం తీపి, మట్టి వాసన లేదు | గుల్లగా, మెత్తగా విరుగుతుంది | పొడి రాలడం | తక్కువ | దాదాపు అందరికీ |
| బియ్యం | ఏ వాసనా ఉండదు | కరకర | ఇసుకలా తగలడం, మర్నాటికి గట్టిపడటం | బాగా తక్కువ | వేరే పిండికి తోడుగా |
| రాగి | ఘాటైన ధాన్యం వాసన | పొడిగా, బరువుగా | పొడిబారడం, మాడినా తెలియకపోవడం | తక్కువ | పిల్లలకి, కోకో ఇష్టమైనవాళ్ళకి |
| శనగ | వేయిస్తే కమ్మన, లేకపోతే పచ్చివాసన | నోట్లో కరుగుతుంది | పచ్చివాసన | మధ్యస్థం | నెయ్యి స్వీట్లు నచ్చేవాళ్ళకి |
| బాదం | గింజల కమ్మదనం | తేమగా, మెత్తగా | త్వరగా ఎర్రబడటం | బాగా ఎక్కువ | మొదటిసారి చేసేవాళ్ళకి, పిండిపదార్థం తగ్గించేవాళ్ళకి |
| వేరుశనగ, జొన్న కలిపి | పల్లీ పట్టీ రుచి | గుల్లగా | నూనె ఊరడం | తక్కువ | బాదం బదులు కోరేవాళ్ళకి |

జొన్న పిండి

ఒక్క పిండే కొనాలంటే జొన్నే కొనమంటాను. రంగు లేతగా ఉంటుంది కాబట్టి కాలిందో లేదో కంటికి తెలుస్తుంది. రుచి కుకీ మీద పెత్తనం చేయదు. యాలకులు, జీడిపప్పు, చాక్లెట్ ముక్కలు, నువ్వులు, ఏది వేసినా ఇముడుతుంది. నెయ్యితో చేస్తే విరుపు అచ్చం నాన్‌ఖటాయిలా గుల్లగా వస్తుంది. అమెరికాలో పెద్ద కంపెనీలు అమ్మే గ్లూటెన్ ఫ్రీ పిండి మిశ్రమాల వెనక చదవండి: బాబ్స్ రెడ్ మిల్ వన్ టు వన్‌లోనూ, కింగ్ ఆర్థర్ మెజర్ ఫర్ మెజర్‌లోనూ బియ్యప్పిండితో పాటు జొన్న పిండి ఉంటుంది. మన దగ్గర రొట్టెల పిండి అది, అక్కడ బేకింగ్ పిండి.

తెల్ల జొన్నతో చేసిన కుకీ చూడ్డానికి బాగుంటుంది. పచ్చ జొన్నకి రుచి కాస్త గాఢం, రంగు పసుపు తిరుగుతుంది, బెల్లంతో బాగుంటుంది. ఏదైనా తాజాగా ఉండాలి. రొట్టెలు చేసేవాళ్ళకి తెలుసు, పాత జొన్న పిండికి జిగి పోతుంది, రొట్టె తట్టబోతే అంచులు పగులుతాయి. కుకీలో అంత తేడా తెలియదు గానీ పాత పిండి చివర్లో నాలుకకి చేదు తగిలిస్తుంది. నెల లోపు వాడేటంత పట్టించుకోండి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టండి.

జొన్న లోపం ఒకటే, కలిపి పట్టుకునే గుణం తక్కువ. దానికి విరుగుడు జొన్న రొట్టెలోనే ఉంది. రొట్టెకి పిండిని వేడినీళ్ళతో కలుపుతాం కదా, వేడికి పిండిలోని గంజి ఉడికి జిగురొస్తుంది. అదే పని చిన్న ఎత్తున చేయండి. కొలిచిన పిండిలోంచి ఒక టేబుల్ స్పూను తీసి మూడు స్పూన్ల పాలలో కలిపి సన్న సెగ మీద తిప్పితే నిమిషంలో పేస్టు అవుతుంది. చల్లారాక ఆ పేస్టు ముద్దలో కలపండి. గుడ్డు తినని ఇళ్ళకి ఇంతకంటే చవకైన జిగురు లేదు.

ఇదీ మూల కొలత. మిగతా పిండ్లన్నీ దీని మీదే పోల్చి చెబుతాను: జొన్న పిండి 100 గ్రాములు, బియ్యప్పిండి 50 గ్రాములు, పేరుకున్న నెయ్యి 80 గ్రాములు, పొడి చేసిన పంచదార 75 గ్రాములు, బేకింగ్ పౌడర్ అర టీస్పూను, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి. పై పేస్టు వేస్తే విడిగా పాలు అక్కర్లేదు, లేకపోతే ఒకటి రెండు స్పూన్లు. నెయ్యి, పంచదార తెల్లబడేదాకా గిలక్కొట్టి, పిండ్లు కలిపి, ముద్దని అరగంట పక్కన పెట్టాలి. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో. ఈ అరగంటలో పిండి తడి పీల్చుకుని ఇసుకదనం తగ్గుతుంది, నెయ్యి గట్టిపడి కుకీ పరుచుకోదు. తర్వాత పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి, కొద్దిగా నొక్కి, ముందే వేడెక్కిన ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 నుంచి 18 నిమిషాలు. బయటకి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది, ఉడకలేదని మళ్ళీ లోపల పెట్టేయకండి. ట్రే మీదే పావుగంట వదిలేస్తే గట్టిపడుతుంది. వేడి మీద ఎత్తితే మాత్రం చేతిలోనే విరుగుతుంది.

కప్పులతో కాకుండా తూకంతో చెబుతున్నది కావాలనే. కప్పు బియ్యప్పిండి, కప్పు బాదం పొడి తూగే బరువు వేరు. పిండి మార్చి చూడాలనుకునేవాళ్ళు వంటింటి తూకం యంత్రం కొనుక్కోవడం మంచిది.

బియ్యప్పిండి

ఇంట్లో ఎప్పుడూ ఉండేది, ఎవరికీ పడకపోవడం అనేది అరుదు. చేతికి అందేది కదా అని అందరూ మొదట దీంతోనే మొదలెడతారు. వట్టి బియ్యప్పిండితో చేసిన కుకీ మొదటి రోజు కరకరలాడుతుంది, మర్నాటికి చెక్క ముక్కలా గట్టిపడుతుంది. పైగా పంటికింద సన్నటి ఇసుక. పిండి రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి, గరుకు తగిలితే కుకీలోనూ తగులుతుంది. మురుకులకి పట్టించిన పిండి ఇలాగే ఉంటుంది, మళ్ళీ సన్నజల్లెడ పట్టాల్సిందే. అరిసెల కోసం నానబోసి దంచిన తడిపిండి దీనికి పనికిరాదు, అందులో నీరెంతుందో ఎవరూ చెప్పలేరు, కొలత తప్పుతుంది.

కాబట్టి బియ్యప్పిండి స్థానం మూడో వంతు. జొన్నకో రాగికో తోడుగా వేస్తే గుల్లదనానికి కాస్త కరకర చేరుతుంది. ఇంకా సన్నగా, తేలిగ్గా కావాలంటే బియ్యప్పిండిలో సగం తీసి కార్న్‌ఫ్లోర్ వేయొచ్చు. షుగర్ ఉన్నవాళ్ళ కోసం చేస్తుంటే దీన్ని ఎంత తగ్గిస్తే అంత మంచిది.

రాగి పిండి

పిల్లల తల్లులు ముందు దీని వైపే చూస్తారు, కారణం క్యాల్షియం. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, ధాన్యాల్లో దీనికి సాటి లేదు. కానీ ఒక కుకీలో పట్టే రాగి పిండి ఆరేడు గ్రాములు. రెండు కుకీలు తింటే వచ్చే క్యాల్షియం చిన్న గ్లాసు పాలలో సగం కూడా కాదు. రుచి నచ్చితే రాగి వాడండి, మందులా మాత్రం లెక్కేయకండి.

రుచి సంగతికొస్తే, పచ్చి రాగి పిండి వాసన కొందరికి అసలు పడదు. సన్న సెగ మీద ఐదారు నిమిషాలు, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చి వాడితే ఆ ఘాటు తగ్గుతుంది. కోకో పొడి రెండు స్పూన్లు కలిపితే పిల్లలు చాక్లెట్ బిస్కెట్ అనుకునే తింటారు. బెల్లం పొడి రాగికి పంచదార కంటే బాగా నప్పుతుంది, అయితే బెల్లంలో తేమ ఉంటుంది కాబట్టి కుకీ కరకరలాడదు, మెత్తగానే ఉంటుంది.

కొలత: మూల కొలతలో జొన్న స్థానంలో రాగి వేసి, పాలు ఇంకో స్పూను పెంచండి, రాగి తడి బాగా పీలుస్తుంది. మొలకెత్తించిన రాగుల పిండి వాడితే మాత్రం పాలు పెంచకండి. అది తియ్యగా ఉంటుంది గానీ ముద్ద జారవుతుంది. అసలు చిక్కు ఓవెన్లో వస్తుంది. రంగు ముందే ముదురు గోధుమ, కాలిందా మాడిందా చూసి చెప్పలేం. 14 నిమిషాల నుంచి ముక్కు ఓవెన్ దగ్గరే ఉండాలి. అంచు మీద వేలు పెడితే గట్టిగా, నడిమిన కాస్త మెత్తగా ఉంటే తీసేయడమే.

సీలియాక్ ఉన్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. రాగి మాల్ట్ పేరుతో దొరికే పొడుల్లో కొన్నింట్లో గోధుమో బార్లీ మాల్టో కలుస్తుంది. మొలకెత్తించిన రాగుల పిండి ఇంట్లో చేసుకుంటే ఫర్వాలేదు, కొంటే పదార్థాల జాబితా చివరిదాకా చదవండి. కుకీలో వేసే మాల్టు పాల పొడులు కూడా ఇదే కోవ.

శనగపిండి

మైసూర్ పాక్, బేసన్ లడ్డు తినే నాలుకకి ఇది కొత్త కాదు. మాంసకృత్తులు వంద గ్రాములకి 20 గ్రాములకి పైనే, జిగురు కూడా సొంతంగా కొంత ఉంటుంది. అందుకే పొడిపొడిగా రాలడం తక్కువ. షరతు ఒకటే, ముందుగా వేయించాలి. చెంచా నెయ్యి వేసి సన్న సెగ మీద రంగు మారేదాకా తిప్పకపోతే ఓవెన్లో ఎంతసేపున్నా నడిమిన పచ్చివాసన మిగులుతుంది.

వట్టి శనగపిండితో చేస్తే అది కుకీ అనిపించదు, గట్టి మిఠాయి అనిపిస్తుంది. 60 గ్రాముల శనగపిండికి 90 గ్రాముల జొన్న సరైన జోడీ. విడిగా అమ్మే శనగపిండిలో చవక పిండ్లు కలపడం మన మార్కెట్లో కొత్తేమీ కాదు, అందులో గోధుమ ఉంటే మీకు తెలియదు. సీలియాక్ అయితే పచ్చిశనగపప్పు తెచ్చి మిక్సీ పట్టుకోవడమే నయం.

బాదం పొడి, దాని బదులు పల్లీ

మొదటిసారే బాగా రావాలంటే బాదం పొడి. ఇందులో సగం దాకా కొవ్వే కాబట్టి కుకీ పొడిబారదు. బాదం పొడి 150 గ్రాములు, పంచదార 60 గ్రాములు, ఒక గుడ్డులోని తెల్లసొన, అంతే. నెయ్యి వేయకపోయినా నడుస్తుంది. మిగతా పిండ్లలో కష్టపడి తెచ్చుకునే మెత్తదనం ఇందులో ఊరికే వస్తుంది. త్వరగా ఎర్రబడుతుంది, 150 డిగ్రీలు చాలు.

ఖర్చే పెద్ద అడ్డు. పావుకిలో బాదం ధరకి జొన్నలు కిలోల లెక్కన వస్తాయి, వారం వారం చేసే ఇంటికి కుదిరే పని కాదు. మిక్సీలో పొడి చేసేటప్పుడు గబగబా తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది, కొలిచిన పంచదారలో కొంచెం కలిపి ఆపి ఆపి తిప్పండి. అమెరికాలో చాలా స్కూళ్ళు బాదం లాంటి గింజలున్న తినుబండారాలు తేవద్దంటాయి, డబ్బాలో పెట్టేముందు కనుక్కోవాలి.

బాదం బదులు మన వేరుశనగ ఎందుకు వాడరో నాకు అర్థం కాదు. అనంతపురం జిల్లా పల్లీలకి పెట్టింది పేరు, ధర అందుబాటులో ఉంటుంది, కొవ్వు దాదాపు బాదంతో సమానం. వేయించి పొట్టు తీసిన పల్లీల పొడి 75 గ్రాములు, జొన్న పిండి 75 గ్రాములు తీసుకుని నెయ్యి 50 గ్రాములకి తగ్గించండి. బెల్లం పొడితో చేస్తే పల్లీ పట్టీ రుచి వస్తుంది. లోపం నిల్వలో ఉంది. పల్లీ నూనె త్వరగా ముక్కవాసన పడుతుంది, వారానికి మించి ఉంచకండి. పల్లీ అలర్జీ ఉన్న పిల్లలుండే చోటికి దీన్నీ తీసుకెళ్ళకూడదు.

మిగతావి

ఓట్స్‌లో గోధుమ గ్లూటెన్ ఉండదు, కానీ పొలంలోనూ మిల్లులోనూ గోధుమ, బార్లీలతో కలిసి తిరుగుతుంది. గ్లూటెన్ ఫ్రీ అని రాసిన ఓట్స్ తప్ప సీలియాక్ వాళ్ళు ముట్టుకోకూడదు, అవి కూడా కొందరికి పడవు. సజ్జ పిండి పట్టిన కొద్దిరోజులకే చేదెక్కుతుంది, చేసే రోజే పట్టుకోగలిగితేనే. కొర్ర, సామ పిండ్లు బియ్యప్పిండి లాగే నడుస్తాయి, ధర ఎక్కువ, లాభం తక్కువ. మల్టీ మిల్లెట్ అని బొమ్మ వేసిన మిశ్రమాల్లో గోధుమ ఉండొచ్చు, 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక ఆ బొమ్మ లేని ప్యాకెట్ లేదు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి రెడీమేడ్ మిశ్రమం సుఖం. పైన జొన్న దగ్గర చెప్పిన రెండు అమెరికా మిశ్రమాల్లోనూ జాంతన్ గమ్ అనే జిగురు పొడి ముందే ఉంటుంది, మైదా ఎంత రాసుంటే అంత వేసేయొచ్చు, ఇంకే జిగురూ కలపకూడదు. ఇండియన్ స్టోర్ జొన్న పిండి చవక, కానీ గోధుమ పట్టే చోటే ప్యాక్ చేశామని వెనక సన్నక్షరాల్లో రాసుందేమో చూసుకోండి.

జిగురు, కొవ్వు

గుడ్డు తినేవాళ్ళకి గుడ్డే మేలు. తినకపోతే ఒక టేబుల్ స్పూను అవిసె గింజల పొడి మూడు స్పూన్ల నీళ్ళలో పది నిమిషాలు నానబెడితే ఒక గుడ్డు పని చేస్తుంది, కాకపోతే వాసన కొంచెం తెలుస్తుంది, రాగిలో కలిసిపోతుంది గానీ జొన్నలో దాగదు. ఇసబ్‌గోల్ పొట్టు అర టీస్పూను చాలు, ఎక్కువైతే కుకీ రబ్బరులా సాగుతుంది. జాంతన్ గమ్ 150 గ్రాముల పిండికి పావు టీస్పూను, అదీ కుకీ పెద్దదిగా, పలుచగా కావాలంటేనే. చిన్న ఉండలకి ఏదీ అక్కర్లేదు, పై జొన్న పేస్టుతో సరి.

వెన్నలో దాదాపు ఆరో వంతు నీరుంటుంది, నెయ్యిలో ఉండదు. అందుకే 100 గ్రాముల వెన్న అని రాసిన చోట 80 గ్రాముల నెయ్యి, ఒక స్పూను పాలు. ఈ లెక్క వదిలేసి సమానంగా నెయ్యి పోస్తే ట్రే నిండా పరుచుకుపోతుంది.

మీరు వీళ్ళలో ఎవరు?

ఇంట్లో ఒకరికి సీలియాక్ ఉండి మిగతావాళ్ళు గోధుమ తింటుంటే, పిండి ఎంపిక కంటే వంటిల్లు విడదీయడం ముందు. జల్లెడ, చెక్క గరిటె, పిండి డబ్బా, బేకింగ్ ట్రే వేరుగా పెట్టండి. చపాతీ పిండి కలిపాక ఆ పూట కుకీ ముద్ద కలపకండి. గాలిలో లేచిన పిండి ఎక్కడ పడుతుందో కనిపించదు. అన్నీ కడిగి, కుకీలు ముందు చేసుకుని, చపాతీలు తర్వాత. పిండి కోసం ఇంట్లో పట్టిన జొన్న, బియ్యం.

షుగర్ ఉన్నవాళ్ళు గ్లూటెన్ ఫ్రీ అనగానే నిశ్చింత పడతారు, ఆ ధీమా వద్దు. జొన్న కుకీలోనూ పిండిపదార్థం ఉంది, బెల్లం వేసినా అది చక్కెరే. వాళ్ళకి బాదమే నయం, లేదా పల్లీ జొన్న కలిపినది, తీపి సగానికి తగ్గించి, ఒకటి రెండుతో ఆపడం.

గోధుమతో ఏ ఇబ్బందీ లేకుండా, ఊరికే ఆరోగ్యానికని మానేద్దామనుకునేవాళ్ళకి నా సలహా వేరు. కుకీలో గోధుమ తీసేసినా నెయ్యి, పంచదార అలాగే ఉంటాయి. జొన్న రుచి నచ్చి చేస్తే చేయండి, బరువు తగ్గుతామని మాత్రం కాదు.

ఓవెన్ లేనివాళ్ళకి మందపాటి గిన్నె చాలు. అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడెక్కాక ప్లేటులో నాలుగైదు ఉండలే పెట్టండి. కుక్కరైతే గాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి. కింద నుంచే వేడి కాబట్టి పైన రంగు రాదు, అందుకని ఇక్కడ రాగి వద్దు, జొన్న శనగ కలిపినది బాగుంటుంది. మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడ్ ఉంటేనే చేయండి, మామూలు మోడ్‌లో అంచు రాయి అవుతుంది, నడుము పచ్చిగా ఉంటుంది.

హాస్టల్‌కో అమెరికాకో సూట్‌కేసులో పంపాలంటే బెల్లం, పల్లీ, గుడ్డు మూడూ పక్కన పెట్టండి. జొన్న, బియ్యం, నెయ్యి, పంచదార. పాలు కూడా తగ్గించి, మామూలు కంటే రెండు నిమిషాలు ఎక్కువ కాల్చి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో వరసల మధ్య కాగితం వేసి సర్దితే రెండు వారాలు నిలుస్తాయి. వర్షాకాలంలో విశాఖ, కాకినాడ గాలికి మెత్తబడితే 140 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు మళ్ళీ వేడి చేస్తే కరకర తిరిగి వస్తుంది.